డార్క్ మ్యాటర్ ఆయుష్షు ఎంత? గామా కిరణాలు చెప్పే జవాబు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సెలవుల్లో దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లలో చిన్న టెలిస్కోప్ పెట్టి ఆకాశం చూపిస్తుంటాం. శని చుట్టూ ఉన్న వలయం చూడగానే జనానికి హుషారు వస్తుంది, ఇక ప్రశ్నలు ఎటెటో పోతాయి. ఈ మధ్య చాలా వరకు డార్క్ మ్యాటర్ దగ్గరికి వచ్చి ఆగుతున్నాయి. చీకట్లో నిలబడి చెప్పిన ఆ జవాబులు నాకే తృప్తిగా అనిపించలేదు. అందుకే ఇక్కడ నింపాదిగా రాస్తున్నాను. ప్రశ్నలను మాత్రం వాళ్లు అడిగినట్టే ఉంచాను.

కనపడదంటారు, చేతికి తగలదంటారు. మరి ఉందని ఎట్లా చెప్తారు సార్?

దాని గురుత్వాకర్షణను బట్టి. సూర్యుడికి దగ్గరున్న గ్రహం వేగంగా తిరుగుతుంది, దూరంగా ఉన్నది నెమ్మదిగా తిరుగుతుంది. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పోతుంటే నెప్ట్యూన్ అయిదున్నర కూడా పోదు. గెలాక్సీల్లోనూ అంచుల్లో ఉన్నవి ఇలాగే నెమ్మదించాలి. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచి చూస్తే అంచుల్లోనూ వేగం అంతగా తగ్గలేదు. కనిపించే నక్షత్రాల బరువుకు అంత వేగాన్ని పట్టి ఉంచే బలం లేదు. అంతకు చాలా ముందే, 1933లో, ఫ్రిట్జ్ జ్వికీ కోమా అనే గెలాక్సీల గుంపులో ఇదే తేడా పట్టుకున్నాడు, కానీ అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు వేరే దారుల్లో వేసిన లెక్కలు కూడా ఒక్కచోటికే వస్తున్నాయి: విశ్వంలోని మొత్తం పదార్థంలో దాదాపు 85 శాతం మనకు కనపడనిదే.

అయితే మన నల్లగొండలో కూడా ఉన్నట్టేనా?

ఉన్నట్టే. కానీ ఎంత పలచగా ఉందో చూడండి. సూర్యుడి పరిసరాల్లో ఒక్కో ఘన సెంటీమీటరుకు ప్రోటాన్ బరువులో మూడో వంతు ఉంటుందని అంచనా. నల్లగొండ జిల్లా వైశాల్యం ఏడు వేల చదరపు కిలోమీటర్లు అనుకుందాం. దాని మీద పది కిలోమీటర్ల ఎత్తు వరకు ఉన్న జాగా అంతా జల్లెడ పట్టినా దొరికేది మిల్లీగ్రాములో పాతికో వంతు. భూగోళమంత జాగాలో అయినా అరకిలో, ముప్పావుకిలో మధ్యనే ఉంటుంది.

మరి ఇంత పలచనిది గెలాక్సీనే ఎలా పట్టి ఉంచుతోంది అంటే, గెలాక్సీ అంత పెద్దది కాబట్టి. నక్షత్రాలు దూరదూరంగా చుక్కల్లా ఉంటే, ఇది మధ్యలోని ఖాళీ అంతా పరుచుకుని ఉంది.

క్షయం అంటున్నారు. దానికి టీబీ వస్తుందా ఏంది?

ఇది ఒక పెద్దాయన నవ్వుతూ అడిగిన ప్రశ్న. తప్పు మా పాఠ్యపుస్తకాల భాషదే. ఇక్కడ క్షయం అంటే ఒక కణం బయటి నుంచి ఎవరూ కదపకుండానే, దానంతట అది విరిగి వేరే చిన్న కణాలుగా మారిపోవడం. యురేనియం చేసేది అదే. విఘటనం అని కూడా అంటారు. నేను ఇకమీద ‘విరగడం’ అనే అంటాను.

డార్క్ మ్యాటర్ కణం శాశ్వతమా, లేక ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుందా అన్నది ఇంకా తేలలేదు. విరగకుండా ఆపే నియమం ఏదైనా ప్రకృతిలో ఉంటే అది శాశ్వతం. ఆ నియమంలో రవ్వంత సందు ఉంటే మాత్రం, ఎంత ఆలస్యమైనా విరుగుతుంది. ఇలాంటి సందు ఉన్న సిద్ధాంతాలు చాలానే ఉన్నాయి: గ్రావిటినో అనే ఊహా కణం విరుగుతుందనేవి, స్టెరైల్ న్యూట్రినో అనే మరో ఊహా కణం విరుగుతుందనేవి, ప్రోటాన్ కంటే కోట్ల రెట్లు బరువైన కణాలు ఉన్నాయనేవి. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. వాటిలో ఏవి నిలబడతాయో ఏవి పోతాయో తేల్చడమే గామా కిరణాల (ఎక్స్-రే కంటే కూడా శక్తి ఎక్కువున్న కాంతి) పని.

విరిగితే గామా కిరణాలే ఎందుకు రావాలి?

అవే రావాలని లేదు. ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్లు), ప్రోటాన్లు, న్యూట్రినోలు కూడా రావచ్చు. కానీ ఎలక్ట్రాన్ లాంటి విద్యుత్ ఆవేశం ఉన్న కణాలు పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాల్లో చిక్కి వంకరటింకరగా తిరిగి మన దగ్గరకు చేరతాయి. ఎటు నుంచి బయల్దేరాయో చెప్పలేం. న్యూట్రినో నేరుగానే వస్తుంది కానీ పట్టుబడటం చాలా అరుదు. గామా కిరణం నేరుగా వస్తుంది, పట్టుబడుతుంది కూడా. పైగా బరువైన కణం దేనిగా విరిగినా, ఆ గొలుసులో ఎక్కడో ఒకచోట గామా పుట్టకుండా ఉండటం కష్టం.

అమ్రాబాద్‌లో యురేనియం అన్నారు కదా, ఆ గామా, ఈ గామా ఒకటేనా?

ఈ ప్రశ్న వెనక భయం ఉంది, అది నాకు అర్థమవుతుంది. నల్లమలలో యురేనియం తవ్వొద్దని 2019లో మన శాసనసభ తీర్మానం చేసింది. ఇటు పెద్దగట్టు, లంబాపూర్ వైపు కూడా ఆ మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. కాబట్టి గామా అనగానే జనం ఉలిక్కిపడటం సహజం.

రెండూ ఒకే జాతి కిరణాలు. తేడా శక్తిలో ఉంది. ఎలక్ట్రాన్ వోల్ట్ అనేది శక్తికి ఒక కొలత, పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక ఎంఈవీ, వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ. మన గ్రానైట్ గుట్టల్లోని పొటాషియం నుంచి వచ్చే గామా 1.46 ఎంఈవీ. థోరియం వరుస నుంచి వచ్చే వాటిలో గట్టిది 2.6 ఎంఈవీ. డార్క్ మ్యాటర్ కోసం చూసేది ఎక్కువగా జీఈవీల్లో, అంటే వేల రెట్లు ఎక్కువ శక్తిలో. అవి ఆకాశం నుంచి వస్తాయి, మన గాలి పొర వాటిని నేల దాకా రానివ్వదు. వాటి వల్ల మన ఆరోగ్యానికి ఏ ముప్పూ లేదు.

విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు. దానికి మించిన ఆయుష్షును ఎట్లా కొలుస్తారు? అన్నాళ్లు కూర్చుంటారా?

పాలమూరులో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. నాకు వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ గొప్పది ఇదే అనుకుంటాను.

యురేనియంతోనే మొదలుపెడదాం. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం విరగడానికి పట్టే కాలం, దాదాపు 450 కోట్ల ఏళ్లు. అయినా ఒక్క గ్రాము యురేనియంలో సెకనుకు 12 వేలకు పైగా పరమాణువులు విరుగుతుంటాయి. పరమాణువులు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి. ఒక్కదాని ముందు యుగాలు కూర్చోనక్కర్లేదు, చాలా వాటిని ఒకేసారి చూస్తే చాలు. కోలార్ బంగారు గనుల లోతుల్లో 1980లలో మనవాళ్లు ప్రోటాన్ విరుగుతుందేమోనని ఇనుప దొంతరలు పేర్చి కాచుకున్నదీ ఈ లెక్క మీదే.

ఇప్పుడు డార్క్ మ్యాటర్. కణాల బరువును కూడా జీఈవీల్లోనే చెప్తారు, ప్రోటాన్ బరువు దాదాపు ఒక జీఈవీ. ఒక్కో కణం బరువు 100 జీఈవీ అనుకుంటే, లీటరు సీసాలో మూడు కణాలు ఉంటాయి. ఆయుష్షు 10²⁸ సెకన్లు, అంటే 1 పక్కన 28 సున్నాలు అనుకుందాం. ఇది విశ్వం వయసుకు 2,300 కోట్ల రెట్లు. నాగార్జునసాగర్ 590 అడుగులకు నిండితే 312 టీఎంసీలు. అంత జాగాలో ఉండే డార్క్ మ్యాటర్ కణాలు 26 లక్షల కోట్లు. వాటిలో ఒక్కటి విరగాలంటే సగటున కోటీ ఇరవై లక్షల ఏళ్లు కాచుకోవాలి. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే లాభం లేదు.

అదే పాలపుంత మొత్తాన్ని తీసుకుంటే? లక్ష కోట్ల సూర్యుళ్ల బరువున్న డార్క్ మ్యాటర్ అది. అందులో సెకనుకు 10³⁹ కణాలు విరగాలి. అవి ఎంతో దూరంలో ఉన్నాయి కాబట్టి మన దాకా వచ్చేది చాలా తక్కువ. నేను వేసిన మోటు లెక్క ప్రకారం, విరిగిన ప్రతిసారీ ఒక గామా ఫోటాన్ (కాంతి కణం) వస్తుందనుకుంటే, అంతరిక్షంలో ఇప్పుడున్న పరికరానికి ఏడాదికి కొన్ని వందలు తగలాలి. కొన్ని వందలంటే లెక్కపెట్టదగ్గ సంఖ్యే. అందుకే సాగర్‌ను వదిలేసి ఆకాశం వైపు చూస్తారు.

ఆకాశంలో ఎటు చూస్తారు? పాలపుంత నడుమనే కదా ఎక్కువ ఉండేది?

ఇక్కడ ఒక తేడా గమనించాలి. డార్క్ మ్యాటర్ నుంచి గామా పుట్టడానికి రెండు దారులు ఉన్నాయి: ఒక కణం తనంతట విరగడం, రెండు కణాలు ఢీకొని మాయమవడం.

సంక్రాంతికి ముందు రోజు 65 నంబరు హైవే మీద పంతంగి టోల్ దగ్గర బండ్లు గుర్తు తెచ్చుకోండి. బండ్లు పది రెట్లైతే పంక్చర్లు కూడా పది రెట్లవుతాయి. టైరు పంక్చర్ కావడానికి పక్క బండితో పని లేదు. కానీ బండీ బండీ రాసుకోవడం వంద రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే దానికి ఇద్దరు కావాలి. విరగడం పంక్చర్ లాంటిది, సాంద్రత ఎంతో అంతే. ఢీకొనడం సాంద్రతకు వర్గం.

కాబట్టి ఢీకొనే కణాల కోసమైతే బాగా చిక్కగా ఉన్న చోట్లు, అంటే పాలపుంత కేంద్రం, మరుగుజ్జు గెలాక్సీలు వెతకాలి. విరిగే కణాలకు చిక్కదనం కంటే మొత్తం బరువు ముఖ్యం. అందుకే పెద్ద పెద్ద గెలాక్సీల గుంపులు, పాలపుంత చుట్టూ గోళంలా పరుచుకున్న విశాలమైన డార్క్ మ్యాటర్ పొర, ఆఖరికి ఆకాశం నలుమూలలా సమానంగా కనిపించే సన్నని గామా వెలుగు కూడా పనికొస్తాయి. పాలపుంత కేంద్రం వైపు 2009 నుంచి ఒక అదనపు గామా వెలుగు గురించి గొడవ నడుస్తోంది. అది మధ్యలో మరీ గుంపుగా ఉంది. విరగడం వల్ల వచ్చేదైతే ఇంకా పరుచుకుని ఉండాలి. కాబట్టి ఆ గొడవ ఢీకొనే కణాలకూ, పల్సార్లు అనే గిర్రున తిరిగే మృత నక్షత్రాలకూ మధ్యనే. మన కథలోకి అది రాదు.

దొరికితే ఎట్లా గుర్తుపడతారు?

ఏ శక్తి ఫోటాన్లు ఎన్ని వచ్చాయో గ్రాఫ్ గీస్తారు. అందులో అన్నిటికంటే స్పష్టమైన గుర్తు: ఒకే శక్తి దగ్గర నిటారుగా లేచే గీత. 100 జీఈవీ కణం రెండు ఫోటాన్లుగా విరిగితే ఒక్కోటీ సరిగ్గా 50 జీఈవీ ఉండాలి. ప్రకృతిలో వేరే ఏదీ అంత శక్తి దగ్గర అలాంటి సన్నని గీత గీయదు. అది కాకుండా కణం క్వార్కులుగా (ప్రోటాన్‌లో ఉండే చిన్న కణాలు) విరిగితే ఫోటాన్లు రకరకాల శక్తులతో ఒక మూపురంలా వస్తాయి. అప్పుడు గుర్తుపట్టడం కష్టం.

పరికరం ఎట్లా ఉంటుంది? అద్దం ఉంటుందా?

ఉండదు. గామాను అద్దం తిప్పలేదు. అమెరికా 2008 జూన్ 11న పంపిన ఫెర్మి ఉపగ్రహంలో టంగ్‌స్టన్ రేకులు, సిలికాన్ పట్టీలు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. గామా ఫోటాన్ టంగ్‌స్టన్‌కు తగలగానే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. సిలికాన్ పట్టీలు ఆ జంట నడిచిన దారి రాసుకుంటాయి. కింద ఉన్న సీజియం అయొడైడ్ దిమ్మెలు శక్తిని కొలుస్తాయి. చుట్టూ ప్లాస్టిక్ పలకల కవచం ఒకటి ఉంటుంది. ఆవేశం ఉన్న కణం వస్తే అది మెరుస్తుంది, దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఒకేసారి ఆకాశంలో అయిదో వంతు కనిపిస్తుంది, మూడు గంటలకు ఒకసారి మొత్తం ఆకాశం చుట్టేస్తుంది.

మన దేశంలో ఏదీ లేదా?

లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,270 మీటర్ల ఎత్తున, మేస్ అనే 21 మీటర్ల టెలిస్కోప్ ఉంది. 2024 అక్టోబరులో ప్రారంభించారు. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లది. తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యి ఉంది. అది గామాను నేరుగా చూడదు. గామా గాలిని గుద్దినప్పుడు పుట్టే కణాల జల్లు నుంచి సెకనులో కొన్ని వందకోట్ల వంతుల సేపు మెరిసే నీలి వెలుగును పడుతుంది. ఇంకా పైశక్తుల కోసం చైనాలోని సిచువాన్‌లో 4,410 మీటర్ల ఎత్తున లాసో అనే పెద్ద డిటెక్టర్ల మైదానం ఉంది.

మన గుట్టల మీద పెట్టలేమా అని కూడా అడుగుతారు. ఆ నీలి మెరుపుకు ఎత్తు కావాలి, మబ్బు లేని నల్లటి రాత్రులు కావాలి. నల్లమల అందమైనదే కానీ అంత ఎత్తు లేదు, వానాకాలం నెలల తరబడి ఆకాశం మూసుకుంటుంది. అలాగని ఇటువైపు ఖగోళ చరిత్ర లేదనుకోవద్దు. ఇబ్రహీంపట్నం దగ్గర జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోప్ ఉండేది, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు.

ఆకాశం నిండా వేరే గామా ఉంటుంది కదా. అందులో ఇదేదో ఎట్లా ఏరతారు?

నిజమే, చాలా ఉంటుంది. ఫెర్మి జాబితాలోనే ఏడు వేలకు పైగా గామా మూలాలు ఉన్నాయి. అవి కాక కాస్మిక్ కిరణాలు పాలపుంతలోని వాయువును గుద్దడం వల్ల వచ్చే పొగలాంటి వెలుగు ఒకటి.

ఐకేపీ సెంటర్‌లో 40 కిలోల వడ్ల బస్తా అనుకోండి. అందులో తాలు ఎంతో తెలియదు. కానీ ఒకటి మాత్రం ఖాయంగా చెప్పొచ్చు: 40 కిలోలకు మించి ఉండదు. ఇది మొదటి హద్దు. దీని కోసం గింజ కూడా ఏరక్కర్లేదు. శాస్త్రవేత్తలు ముందు చేసేది ఇదే: కనిపించిన గామా మొత్తం డార్క్ మ్యాటర్‌దే అనుకున్నా, ఆయుష్షు ఇంతకు తగ్గదు అని చెప్తారు. తర్వాత మంచి వడ్లు ఇన్ని కిలోలని తెలిసినకొద్దీ తాలు హద్దు తగ్గుతుంది. పల్సార్లు, వాయువు, దూరపు గెలాక్సీల వాటా తీసేసినకొద్దీ ఆయుష్షు హద్దు పెరుగుతుంది. చిక్కంతా రెండో అడుగులో ఉంది. మంచి వడ్ల లెక్క తప్పితే తాలు లెక్క కూడా తప్పుతుంది. తూకం దగ్గర గొడవలు మనకు కొత్త కాదు, వాళ్లకీ కాదు.

ఇన్నేళ్లలో ఒక్కసారైనా దొరికిందా?

దొరికినట్టే అనిపించి జారిపోయిన సందర్భాలు ఉన్నాయి. నాకు ఈ కథలే ఇష్టం.

2008లో పమేలా అనే ఉపగ్రహ పరికరం పాజిట్రాన్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉన్నాయంది. తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీది ఏఎంఎస్ కూడా అదే చూసింది. డార్క్ మ్యాటర్ విరిగి ఇవి వస్తున్నాయని వరుసగా సిద్ధాంతాలు వచ్చాయి. అప్పుడు గామా వాళ్లు అడిగారు: అన్ని పాజిట్రాన్లు పుట్టేటట్టైతే దాంతోపాటు ఇంత గామా కూడా రావాలి కదా, అదేది? గెలాక్సీల గుంపుల్లో, ఆకాశమంతా పరుచుకున్న వెలుగులో అంత కనపడలేదు. ఆ సిద్ధాంతాల్లో చాలా వాటికి ఊపిరి ఆడలేదు. దగ్గరలోని పల్సార్లే పాజిట్రాన్లను పంపుతుండొచ్చన్న మాటకు బలం వచ్చింది.

2012లో ఫెర్మి డేటాలో 130 జీఈవీ దగ్గర ఒక గీత కనిపించిందని పెద్ద సంచలనం. డేటా పెరిగేకొద్దీ అది పెరగాల్సింది పోయి సన్నబడి మాయమైంది. నిజమైన గీతైతే ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది.

2013లో దక్షిణ ధ్రువంలోని ఐస్‌క్యూబ్ పది లక్షల జీఈవీ శక్తి ఉన్న న్యూట్రినోలను పట్టుకుంది. ఎంతో బరువైన డార్క్ మ్యాటర్ విరిగి ఇవి వస్తున్నాయా అన్నారు. మళ్లీ గామాయే సాక్షి. 413 వారాల ఫెర్మి డేటాతో చేసిన ఒక విశ్లేషణలో ఆ వాదన నిలబడటం కష్టమని తేలింది. అంత శక్తి ఉన్న గామా దూరం నుంచి మన దాకా నేరుగా రాదు, దారిలోనే విరిగి తక్కువ శక్తి గామాగా మారుతుంది. ఆ చిల్లర ఫెర్మికి దొరకాలి, దొరకలేదు. పాలపుంతలోపల పుట్టిన పైశక్తి గామాను ఇప్పుడు లాసో గాలిస్తోంది.

ఇంకొకటి గామా కాదు, ఎక్స్-రే. 2014లో 3.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక సన్నని గీత, 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల స్టెరైల్ న్యూట్రినో విరుగుతోందన్నారు. సరిగ్గా సగం, చూశారా! 2016లో జపాన్ ఉపగ్రహం హిటోమి పర్సియస్ గెలాక్సీల గుంపును చూస్తే ఆ గీత కనపడలేదు. పాపం, హిటోమి కూడా ప్రయోగించిన అయిదారు వారాలకే పాడైపోయింది.

ఏమీ దొరకనప్పుడు ఇంత ఖర్చు దండగ కాదా?

నల్లగొండవాళ్లకు ఇది చెప్పడం తేలిక. మన బోరు నీళ్లను ఫ్లోరైడ్ కోసం పరీక్షకు ఇస్తాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటలేదని చీటీ వస్తే, ఆ చీటీ చిత్తుకాగితం కాదు. ఏ బోరు తాగొచ్చో ఏది వద్దో చెప్పేది అదే. కిట్ ఎంత సున్నితంగా ఉంటే చీటీకి అంత విలువ.

ఫెర్మి ఇచ్చిన చీటీ ఇది: చాలా రకాల విరుగుళ్లకు, చాలా రకాల బరువులకు, డార్క్ మ్యాటర్ ఆయుష్షు దాదాపు 10²⁷ నుంచి 10²⁸ సెకన్లకు తగ్గదు. దీనికి తక్కువ ఆయుష్షు చెప్పిన సిద్ధాంతం ఎంత అందంగా ఉన్నా పక్కకు పోవాల్సిందే. కాకపోతే కణం న్యూట్రినోలుగానే విరిగితే గామా పట్టు సడలుతుంది. కణం మరీ తేలికైతే జీఈవీ గామా పుట్టనే పుట్టదు, దానికి ఎక్స్-రే, రేడియో వాళ్లే దిక్కు.

మాది డిగ్రీ కాలేజీ, ల్యాబ్ కూడా సరిగ్గా లేదు. ఇందులో మేం చేయగలిగేది ఏమైనా ఉందా?

ఉంది, ఇది మాటవరసకు అనడం లేదు. ఫెర్మి పట్టిన ఫోటాన్ల వివరాలు 2009 నుంచి అందరికీ ఉచితం. ప్రతి ఫోటాన్‌కూ ఒక వరుస: ఎటు నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, శక్తి ఎంత. విశ్లేషించే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. మామూలు లాప్‌టాప్, కాస్త పైథాన్, నిలకడగా ఉండే నెట్ చాలు. నెట్ లేని రోజు టెన్షన్ పడకండి, ఫైళ్లు ఒకసారి దించుకుంటే వారాల తరబడి పని ఉంటుంది. మ్యాథ్స్‌లో సంభావ్యత, పాయిసాన్ విభాజనం గట్టిగా చదవండి. ఈ రంగంలో సగం పని వాటిదే. డిగ్రీ అయ్యాక ఎంఎస్సీకి ఉస్మానియా ఖగోళ విభాగం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, కంది ఐఐటీ మనకు దగ్గరే.

మొదటి రోజే డార్క్ మ్యాటర్ వెతకొద్దు. ఒక నెల డేటా దించుకుని, ఒక జీఈవీ పైనున్న ఫోటాన్లన్నిటినీ ఆకాశపటం మీద చుక్కలుగా పెట్టండి. పాలపుంత ఒక పట్టీలా తేలుతుంది. ఆ పట్టీ మీద అన్నిటికంటే గట్టిగా వెలిగే ముద్ద వేలా పల్సార్. అది దాని చోట కనపడితే మీ కోడ్ సరిగ్గా ఉన్నట్టు. కనపడకపోతే ముందు అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయేమో చూసుకోండి, మొదటిసారి నేను చేసిన తప్పు అదే.